పోలేరయ్య చదివిన పేపరు

పోలేరయ్య నోట చెడ్డమాట పలకదు. పేపర్లో అచ్చయి ఉన్నా సరే, పలకదు.

కోట ఊళ్ళో చిన్నపోలయ్య టీ అంగడి ముందు రోజూ పొద్దున్నే పేపరు పైకి చదివేది రిటైరైన ఈ పోస్ట్‌మ్యానే. పంతొమ్మిది వందల అరవై రెండు ఎలక్షన్ల వేడిలో నాయకులు “అడ్డమొచ్చినోణ్ణి పాతరేస్తాం” అంటే, ఆయన నోట అది “అడ్డమొచ్చినోడికి పీటేస్తాం” అయ్యేది. “తోలు వలుస్తాం” కాస్తా “తోడుగా నిలుస్తాం” అయ్యేది.

“మా నాయకుడు ఎంత మర్యాదస్తుడన్నా!” అని ఓబులేసు మురిసిపోయేవాడు.

ఒకరోజు బడికి పోతూ ఎలిశబెతు టీచరు ఆయన భుజం మీదుగా పేపర్లోకి చూసింది. అబద్ధమంటే ఆమెకు గిట్టదు.

“పోలేరయ్యగారూ, అక్కడ ‘కాళ్ళు విరగ్గొడతాం’ అనుండాదే! ‘కాళ్ళు కడుగుతాం’ అంటారేంది?”

టీ తాగేవాళ్ళంతా పోలేరయ్య వైపు తిరిగారు.

“చదువురానోళ్ళమని మమ్మల్ని ఇన్నాళ్ళూ ఏమారిస్తివా అన్నా?” ఓబులేసు మొహం చిన్నబోయింది.

మర్నాటినుంచి పేపరు టీచరు చేతికొచ్చింది. ఓబులేసు నాయకుడి మాటను ఆమె పాఠం చెప్పినంత స్పష్టంగా చదివింది: “ఎదుటి పార్టీవాళ్ళను ఊళ్ళోనుంచి కొట్టి తరమండి.” మధ్యాహ్నానికల్లా ఓబులేసు కర్ర తీశాడు. ఎదుటి పార్టీ హజరత్తయ్య చెయ్యి విరిగింది.

మూడోనాడు నాలుగో పేజీ అడుగున ఒక్క వాక్యం. ఆ నాయకుడు ఆ మాట అనలేదట, పేపరువాళ్ళు పొరపాటుకు చింతిస్తున్నారట.

ఎలిశబెతు ఆ పేపరు పట్టుకుని పోలేరయ్య ఇంటికి పరుగెత్తింది.

“ఉన్నదున్నట్టే చదివినానండీ,” అంది.

“యాభై అయిదు ఎలక్షన్లలో నేనూ అట్నే చదివినానమ్మా. మా పక్కింటోళ్ళ పాక కాలిపోయింది. సవరణ వచ్చిందిలే, వినేదానికి ఎవురూ ఆగలా.”

“అయినా మార్చి చదవడం తప్పు గదా?”

“తప్పే. ఇంక నా మాట నమ్మేదెవురు?”

ఇద్దరూ హజరత్తయ్య ఇంటికి పోయారు. లోపలికి రాను మొహం చెల్లక ఓబులేసు గడప అవతలే కూర్చుని ఉన్నాడు. పోలేరయ్య పేపరు తీసుకుని, అతనికీ వినపడేట్టు గొంతెత్తి ఆ సవరణ చదివాడు.

“ఆ మాట నాయకుడు అన్లేదు. తప్పు మాదే. ముఖ్యంగా కోట హజరత్తయ్యగారు మమ్మల్ని క్షమించాలి.”

కట్టు కట్టిన చేత్తోనే హజరత్తయ్య లేచి కూర్చున్నాడు. “నా పేరు వేసినారా? టీచరమ్మా, నువ్వు చూసి చెప్పు. ఈయన్ని నమ్మేదానికిల్యా.”

గడప అవతల ఓబులేసు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎలిశబెతు ఆ ఒక్క వాక్యాన్నీ మళ్ళీ చదువుకుంది.

“వేసినారయ్యా,” అంది. “గారు అని గూడా రాసినారు.”