పగులు ఎటువైపు మొదలైంది

తార్నాక చౌరస్తాలో సిగ్నల్ ఎత్తేసి అందరి చేతా యూటర్న్ కొట్టించిన ఆ కొన్నేళ్లు నా మీద కక్షతోనే వచ్చాయని ఇప్పటికీ నా అనుమానం. ఎదురుగా కనిపిస్తున్న టిఫిన్ సెంటర్‌కు పోవాలంటే ముందు దానికి వీపు చూపించి చాలా దూరం పోవాలి. నేను చేరేసరికి పూరీ నీరసపడి ఉండేది. ఒక్కటే లాభం, ఎవరు ఎక్కడికి ఆలస్యంగా వచ్చినా యూటర్న్ అంటే సరిపోయేది. ఎదురు ప్రశ్న ఉండేది కాదు.

ఆ రోజు నా మిత్రుడు కూడా అదే చెప్పాడు. వాడుండే లాలాపేట్ నుంచి మా క్యాంపస్ పది నిమిషాలు. వాడు గంట ఆలస్యంగా వచ్చాడు. ఆ గంటా మా డిపార్ట్‌మెంట్ ముందు చెట్టు కింద బండి మీదే కూర్చున్నాడని అటెండర్ తర్వాత చెప్పాడు.

హాస్టల్‌లో నాలుగేళ్లు మాది ఒకే గది. చదువయ్యాక నేను అదే క్యాంపస్‌లో, లోహాల ల్యాబ్‌లో మిగిలిపోయాను. విరిగిన ముక్కల్ని ముందేసుకుని ఎందుకు విరిగావని అడగడం నా ఉద్యోగం. వాడు హెలికాప్టర్ల మెయింటెనెన్స్‌లోకి వెళ్లాడు. విరగకముందే పట్టుకోవడం వాడి ఉద్యోగం. వాడి పనిలో తప్పు జరిగితే మనిషి పోతాడనీ, నా పనిలో తప్పు జరిగితే మహా అయితే జర్నల్ నుంచి ఒక పేపర్ తిరిగొస్తుందనీ ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

అప్పటికి మూడు వారాల కింద, వాడు చూసుకునే హెలికాప్టర్ ఒకటి పొలాల్లో కూలిపోయింది. పైలట్, ఒక ప్రయాణికుడు చనిపోయారు. పైలట్ చిన్నవాడు. వాళ్లమ్మ కట్టిచ్చిన డబ్బాలో మా వాడికీ రోజూ వాటా ఉండేది. టెయిల్ బూమ్, అంటే హెలికాప్టర్ వెనకాల తోకలా సాగే గొట్టం, మిగతా శకలాలకు చాలా దూరంగా దొరికింది. గాల్లో ఉండగానే విడిపోయిందన్నమాట. కూలిన రోజు ఉదయం దాన్ని తనిఖీ చేసి, అంతా బాగుందని సంతకం పెట్టింది నా మిత్రుడే.

"ఏంరా, ఇంతసేపా? ఎగిరొస్తావనుకున్నాను" అన్నాను. అలవాటైన నాలుక. దానికి సందర్భం అక్కర్లేదు.

వాడు నవ్వలేదు. ఫోన్ నా బల్ల మీద పెట్టాడు.

"గిది జూడు. పగులు పాతదా, కొత్తదా? గదొక్కటి చెప్పు సాలు."

అధికారులు ముక్కల్ని తీసుకుపోకముందు ఎవరో తీసిన ఫోటో. తోకను ఒంటికి బిగించే ఫిట్టింగ్, బోల్టు రంధ్రం దగ్గర తెగింది. తెగిన ముఖంలో సగానికి పైగా మసకగా, నున్నగా ఉంది. దాని మీద ఒకదాని వెనక ఒకటి వంపు గీతలు. మిగతా భాగం గరుకుగా, తళతళా మెరుస్తోంది. నాకు అర నిమిషం కూడా పట్టలేదు. పగులు పాతదే. ఎగిరిన ప్రతిసారీ కొంచెం కొంచెం పాకి, ఆ రోజు ఇక మోయలేక తెగిపోయింది. ఆ గీతలన్నీ ఒకే చోటు నుంచి బయల్దేరాయి. రంధ్రానికి లోపలి అంచు అది, ఒంటికి ఆనుకుని ఉండే వైపు. అదీ చూశాను. చూసి వదిలేశాను. నా బుర్రంతా ఆ 'పాతది' అన్న మాట దగ్గరే ఆగింది. పాతదంటే ఆ ఉదయం వీడి కంటికి కనపడి ఉండాలి కదా అనుకున్నాను.

ఆ మాట వాడి మొహం మీద అనలేక, ఒక అడిషనల్ షీట్ తీసుకుని కారణాలు రాయడం మొదలుపెట్టాను. ఎప్పుడో గట్టిగా దిగి ఉండవచ్చు, ఎవరూ రాసి ఉండకపోవచ్చు. రంధ్రంలో తుప్పు పట్టి ఉండవచ్చు. బోల్టు బిగింపు తేడా. తోక చివర తిరిగే చిన్న రెక్కల వణుకు. పైన తిరిగే పెద్ద రెక్కే కిందికి వంగి తోకను కొట్టి ఉండవచ్చు. ఈ చివరిది కాదని ఫోటోయే చెబుతోంది, అయినా రాశాను.

"గిండ్ల ఏదిరా?"

"ఎంట్రన్స్ పేపర్ అనుకో. చివరి ఆప్షన్, పైవన్నీ" అన్నాను.

ఈసారి నవ్వాడు. నవ్వించగలిగానని నేను సంతోషించాను.

"ఫోటో చూసి చెప్పలేంరా, ముక్క చేతిలో ఉండాలి" అని కూడా అన్నాను. మా వృత్తిలో అది మర్యాద గల మాట. అబద్ధం కూడా కాదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. తలుపు దగ్గర ఆగాడు. "మెస్‌ల సాంబార్ల బల్లి వడ్డ నాడు గూడ గిట్లనే జోకులు జేసినవ్‌రా. అందరం తిన్నంక అసలు సంగతి చెప్పినవ్."

పాత రోజులు గుర్తొచ్చాయేమో అనుకున్నాను.

నెల తిరక్కుండా ఉద్యోగం మానేశాడు. ముషీరాబాద్‌లో నట్లు, బోల్టులు అమ్మే దుకాణంలో కుదిరాడు. అప్పుడప్పుడు వెళ్లేవాణ్ణి. క్రికెట్ గురించి మాట్లాడుకునేవాళ్లం, మా ఇద్దరికీ క్రికెట్ మీద పెద్ద ఆసక్తి లేదు.

ఏడాది దాటాక విచారణ నివేదిక వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని చదివాను. తుప్పు కావచ్చు, పాత దెబ్బ కావచ్చు, తేల్చలేమని వాళ్లూ నాలాగే రాశారు. కానీ మధ్యలో ఒక వాక్యం ఉంది. పగులు లోపలి ముఖం నుంచి మొదలైంది, ఫిట్టింగ్ విప్పితే తప్ప రోజువారీ తనిఖీలో కనిపించదు.

లోపలి ముఖమని నాకు ఆ రోజే తెలుసు. విప్పకుండా ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో వాడికి తెలుసు. ఇద్దరి మధ్య ఒక బల్ల ఉంది, అంతే. ఆ చోటు నీకు కనపడుతుందా అని నేను అడగలేదు.

ఆదివారం ఆ పేజీ ప్రింట్ తీసుకుని లాలాపేట్ వెళ్లాను. వాడు నిలబడే రెండుసార్లు చదివాడు.

"లోపలి దిక్కు నుంచా? ఫిట్టింగ్ ఇప్పకుంటె బ్రహ్మదేవునికి గూడ కనవడదిరా గాడ." కాగితం మీంచి తలెత్తి అడిగాడు, "నీకు గా ఫోటోల కనవడ్డదా గిది?"

"కనపడింది."

వాడు కాగితాన్ని టీవీ మీద పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

వాడి భార్య టీ తెచ్చి నా ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుంది.

"అన్నా, మీ దగ్గర్నుంచి వచ్చిన తెల్లారే ఈయన ఆ పైలట్ వాళ్లింటికి పోయిండు. వాళ్లమ్మ కాళ్లు వట్టుకొని, తప్పు నాదే అమ్మా అని చెప్పొచ్చిండు."

"అలా ఎందుకు చెప్పాడమ్మా? నేను వాడిదే తప్పని అనలేదు."

"అనలే. మీ దోస్తు ఏమన్నడని నేను అడిగిన. జోకులు జేసిండు, అంటె నాదే తప్పు, ఖాయం అన్నడు."

టీ తీసుకున్నాను. చాలా వేడిగా ఉంది. అయినా తాగాను.

"ఆమె గిప్పటికీ గదే అనుకుంటున్నది అన్నా. రోజూ నా కొడుకు డబ్బాల తిని, వాన్నే సంపిండని."

"రిపోర్టు బయటికొచ్చింది కదమ్మా. ఎవరో ఒకరు ఆమెకు..."

"ఎవలో ఎందుకు? మీరే పోయి చెప్పుండ్రి" అంది. "చెప్పేటప్పుడు ఆమెను నవ్వియ్యకుండ్రి."