మా ఖాట్మండూకి తోవెటు?

జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో మా సందు చివర రెండిళ్లకు కలిపి ఒకటే గోడ. గోడకు ఇవతల తవిటమ్మ, అవతల దిల్‌మాయ. ఎన్నేళ్లయినా ఆ గోడ వాళ్ల కబుర్లను మాత్రం ఆపలేకపోయింది.

తవిటమ్మది టెక్కలి దగ్గర పల్లె. పెళ్లయి టాటా (జంషెడ్‌పూర్‌ని మేమంతా అలాగే అంటాం) వచ్చాక ఒక కంట్రాక్టరు నడిపే క్యాంటీన్‌లో రొట్టెలు కాల్చే పనిలో చేరి, జుట్టు నెరిసేదాకా కాల్చి, కిందటేడాదే మానేసింది. దిల్‌మాయ నేపాలీ. వాళ్ల తాత ఎప్పుడో కార్ఖానా గేటు దగ్గర కాపలా పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె స్వెట్టర్లు అల్లి అమ్ముతుంది. మా ఊళ్లో చలి చుట్టంచూపుగా వచ్చిపోతుంది కానీ దిల్‌మాయ అల్లిక మే నెల ఎండల్లో కూడా ఆగదు. తెలుగు తవిటమ్మ దగ్గరే నేర్చుకుంది కాబట్టి, ఆమె మాట్లాడితే టెక్కలి మనిషి స్వెట్టర్ వేసుకుని మాట్లాడినట్టు ఉంటుంది.

దిల్‌మాయతో చిక్కు ఒక్కటే. ఏ మాట మొదలెట్టినా చివరికి ఖాట్మండూ చేరుకుంటుంది.

“ఇది పెరుగేటి దీదీ? మా ఖాట్మండూలో పెరుగు మట్టి ముంతలో తోడేత్తారు. ముంత బోర్లించినా కింద పడదు.”

తవిటమ్మ కొడుకు సూర్యప్రకాష్ ఇంటికి కొత్తగా అల్యూమినియం కిటికీ పెట్టించిన రోజు సందంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. దిల్‌మాయ ఒక్కతే పెదవి విరిచింది. “మా ఖాట్మండూలో కిటికీని కర్రతో చెక్కుతారు. ఒక్క కిటికీకే ఒక మనిషి ఉమర్ అంతా అయిపోద్ది.”

“ఐతే అంతవరకూ ఆ ఇంట్లోకి గాలెలా వత్తాదే?” అంది తవిటమ్మ.

ఇలా ఉండగా పర్సుడీహ్‌లో యాత్రలు నడిపే బలరామ్ కొత్త టూరు వేశాడు. పొరుగు దేశాల రాజధానులు రెండూ ఒకే ట్రిప్పులో: ముందు ఖాట్మండూ, తర్వాత థింఫూ. పాత గుళ్లు, కోటలు, రాజుల కాలం నాటి వీధులు అన్నీ చూపిస్తానని ఊరంతా చెప్పాడు. ఇన్నాళ్లూ కబుర్లలో విన్న ఊరిని కళ్లతో చూడాల్సిందేనని తవిటమ్మ పట్టుబట్టింది. ఆమె మొగుడు సూర్యం, కొండల పేరు వినగానే మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. మనవరాలు తనుశ్రీ మాత్రం ఫోన్లో థింఫూ బొమ్మలు చూసి కేక పెట్టింది.

“దాదీ, థింఫూ మే ట్రాఫిక్ లైట్ హీ నహీ హై!”

“మన బర్మామైన్స్‌లో మాత్రం ట్రాఫిక్ లైట్లు ఉన్నాయేటి?” అని తవిటమ్మ సంచి సర్దుకోసాగింది.

సర్దుతూ సర్దుతూ గోడ మీదుగా కేకేసింది. “ఓలే దిల్‌మాయా, నువ్వూ వత్తన్నావు. మీ ఊరు నువ్వు సూపించకపోతే ఇంకెవరు సూపిత్తారు?”

అవతల అల్లికసూదుల చప్పుడు ఆగిపోయింది. ముందు మోకాళ్ల నొప్పి అంది. తర్వాత స్వెట్టర్ల సీజన్ అంది. ఆ తర్వాత, ఎన్నోసార్లు చూసిన ఊరే కదా, కొత్తగా చూసేదేముంది అంది. బలరామ్‌కి సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చాడు. “ఆంటీ, మీరుంటే ఖాట్మండూలో నాకు వేరే గైడే అక్కర్లేదు!” అని ఆమె చేతులు పట్టుకున్నాడు. సందంతా చూస్తుండగా ఇంక కాదనడం ఆమె వల్ల కాలేదు.

రక్సౌల్ దాకా రైలు, అక్కడి నుంచి కొండల్లో బస్సు. దారి పొడుగునా దిల్‌మాయకు ప్రశ్నలే ప్రశ్నలు. అందరికన్నా ఎక్కువ అడిగింది కాసిడీహ్ నుంచి వచ్చిన రిటైర్డ్ గుమాస్తా నారాయణమూర్తి. మెడకు మఫ్లర్ చుట్టుకుని, ప్రతి మలుపుకీ ముందుకు వంగేవాడు.

“ఏటమ్మా, అక్కడ చలెక్కువుంటాదా?”

“ఉంటాది. ఒక్కోపాలి ఉండదు. గాలిని బట్టి.”

“మరి వర్షం?”

“మబ్బుని బట్టి.”

పశుపతినాథ్ గుడి దగ్గర గండం గడిచింది. అక్కడ ఎవరూ దారి చూపించక్కర్లేదు, జనమే తోసుకుంటూ తీసుకుపోతారు. తవిటమ్మ మనసారా దండం పెట్టుకుని, గంట కొట్టి, బాగమతి ఒడ్డున బూడిద పూసుకుని కూర్చున్న సాధువు పక్కన ఫోటో కూడా దిగింది. అసలు పరీక్ష మర్నాడు పొద్దున వచ్చింది. బలరామ్ బస్సు పని మీద వెళ్తూ, “ఆంటీ, అందర్నీ కుమారీదేవి ఇంటికి తీసుకెళ్లండి. నేను వెనకే వచ్చేస్తా” అన్నాడు. బతికున్న చిన్నపిల్లను దేవతగా కొలిచే ఇల్లు అది. దాని గురించి దిల్‌మాయ మా సందులో ఎన్ని సాయంకాలాలు చెప్పిందో లెక్కలేదు.

ఆమె తల ఎత్తుకుని ముందు నడిచింది. వెనక జంషెడ్‌పూర్ జట్టంతా. ఇత్తడి సామాన్ల సందు, మసాలాల సందు, పూసల దండల సందు. ప్రతి మూలా ఒక చిన్న గుడి, గుడి ముందు ఒక కుక్క. ఒకచోట చెక్క మొద్దుకు నిండా నాణేలు మేకులతో కొట్టి ఉన్నాయి. అది పంటినొప్పి దేవుడనీ, నొప్పి ఉన్నవాళ్లు నాణెం కొట్టి మొక్కుకుంటారనీ ఒక దుకాణదారు చెప్పాడు. అందరూ తమ తమ పళ్లు తడుముకుని దండం పెట్టారు. కాసేపటికి ఆ మొద్దు మళ్లీ ఎదురైంది. ఇంకాసేపు నడిస్తే మళ్లీ అదే.

“ఈ దేవుడు మన ఎనకాలే వత్తన్నాడేటి?” అన్నాడు నారాయణమూర్తి.

దిల్‌మాయ వినిపించుకోలేదు. ఎవరినైనా దారి అడిగితే పరువు పోతుంది. అడక్కపోతే కుమారీదేవి దొరకదు. ఆమెకు చెమటలు పట్టాయి. ఎదురుగా ఒక పాత గుమ్మం కనిపించింది, చాలా పొట్టిది, పైన దేవతల బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు.

“ఇదే! వంగి రండి, తల జాగర్త!”

జట్టంతా చెప్పులు విడిచి, ఒకరి వెనక ఒకరు వంగి లోపలికి దూరారు. లోపల చదరంగా ఒక వాకిలి. మధ్యలో చిన్న రాతి స్తూపం. ఒక ముసలామె చాప మీద ఆకుకూర ఎండబెడుతోంది. ఒకాయన బల్ల మీద అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహానికి నురగ. ఆయన తల తిప్పేసరికి, జట్టు జట్టంతా తన వైపు చేతులు జోడించి నిలబడి ఉంది. నారాయణమూర్తి అప్పటికే కళ్లు కూడా మూసుకున్నాడు.

ఆయన నేపాలీలో ఏదో అడిగాడు. దిల్‌మాయ నేపాలీలోనే జవాబిచ్చింది. ఆయన కాస్త తల వంచి విని, చాలా మర్యాదగా హిందీలోకి మారి, “మీరు ఇండియాలో ఎక్కడివాళ్లు, దీదీ?” అన్నాడు.

హిందీ అందరికీ వచ్చు. నారాయణమూర్తి కళ్లు తెరిచి, “అదేటమ్మా, నీది ఈ ఊరే కదా?” అన్నాడు. దిల్‌మాయ మొహం పాలిపోయింది.

తవిటమ్మ ఒక్క క్షణం ఆమె వైపు చూసి గబగబా ముందుకొచ్చింది.

“ఏటలా గుడ్లప్పగించి సూత్తన్నారు? గుడి మనకి టాటాలో దొరకదేటి? ఈ ఊరోళ్లు ఇంట్లో ఎలాగుంటారో సూపించమని నానే అడిగాను. నా కోసమే ఇటు తెచ్చింది!” అని జట్టును గదమాయించి, ఆ పెద్దమనిషి వైపు తిరిగి, జంషెడ్‌పూర్ హిందీలో, “భయ్యా, ఊపర్ కా ఖిడ్కీ అందర్ సే దిఖాయేగా?” అని పై కిటికీని లోపలి నుంచి చూపించమంది.

ఆయన పకపకా నవ్వాడు. మిగిలిన నురగ తుడుచుకుని, నిచ్చెనలాంటి మెట్ల మీదుగా ముగ్గురేసి చొప్పున పైకి తీసుకెళ్లాడు. కిటికీ నిండా నెమళ్లు, తీగలు, అల్లికలో అల్లిక. బయటి నుంచి చూస్తే లోపలి మనిషి కనపడదు. లోపలి నుంచి చూస్తే సందు ఆ చివర నుంచి ఈ చివర దాకా కనిపిస్తుంది. తవిటమ్మ అక్కడ పీట మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

“దీని ఎనకాల కూకుంటే ఎవరింటికెవరొచ్చారో అంతా తెలిసిపోద్ది కదే!”

దిల్‌మాయ కిందికి దిగి ఆ మాట నేపాలీలో చెప్పేసరికి ముసలామె ఆకుకూర వదిలేసి నవ్వింది. మరి ఇంకెందుకు చెక్కించారనుకున్నావు అందట.

కుమారీదేవి ఇంటికి ఆ పెద్దమనిషే దగ్గరుండి తీసుకెళ్లాడు. దేవత ఆ రోజు దర్శనమివ్వడానికి కిటికీలోకి రాలేదు. ఎవరూ పెద్దగా బాధపడలేదు. గడ్డం గీసుకుంటున్న మనిషికి దండం పెట్టిన కథ అప్పటికే జట్టులో తిరుగుతోంది.

మర్నాడు పక్క ఊరు భక్తపూర్‌లో, అయిదంతస్తుల గుడి మెట్ల మీద, మట్టి ముంతల్లో పెరుగు తింటూ కూర్చున్నారు. దిల్‌మాయ చెంచా ముంతలో అలాగే గుచ్చి ఉంచింది.

“దీదీ, నాను ఎప్పుడూ ఇక్కడికి రాలేదు. మా అమ్మ కూడా రాలేదు. అన్నీ తాత సెప్పిన మాటలే. ఆయన ఊరు కూడా ఖాట్మండూ కాదు, తూర్పు కొండల్లో ఎక్కడో. పేరు కూడా సరిగ్గా తెల్దు.”

“నాకు తెల్సులే.”

“ఎప్పట్నుంచి?”

“ఆ పంటినొప్పి దేవుడు రెండోపాలి కనపడినప్పట్నుంచి.”

దిల్‌మాయ తల దించుకుంది. తవిటమ్మ ముంత గీకుతూ, “నీకో మాట సెప్తాను, సందులో అనకు. మొన్న మా మేనగోడలు పెళ్లికి టెక్కలి ఎల్లానా? ‘జల్దీ రాండే, పానీ తాగండే’ అని పిల్లల్ని పిల్సేసరికి అందరూ గొల్లుమన్నారు. ఈ హిందీ అవ్వ ఎవరని అడిగింది ఒక పిల్ల. నా పుట్టింట్లో! అక్కడోళ్లకి నాను టాటా మనిషిని. టాటాలో నాను తెలుగోళ్ల మనిషిని. నీకేటి మరి, నువ్వు నాలాంటిదానివే” అంది.

దిల్‌మాయ కళ్లు తుడుచుకుని ముంత చేతిలోకి తీసుకుంది. “కానీ పెరుగు మాట మాత్రం అబద్ధం కాదు. సూడు!” అని ముంత అమాంతం బోర్లించింది.

తాత చెప్పింది నిజమే. పెరుగు పడలేదు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. అప్పటికీ పడలేదు. దిల్‌మాయ గర్వంగా ముంతను ఇంకొంచెం ఊపింది. కింది మెట్టు మీద కూర్చున్న నారాయణమూర్తి మఫ్లర్ మీద గడ్డపెరుగు చక్కగా, ముద్ద చెదరకుండా దిగింది.

థింఫూ చేరడానికి మళ్లీ బస్సులే బస్సులు. సరిహద్దు గేటుకు ఇవతల హారన్ల గోల, అవతలికి వెళ్లగానే ఎవరో చెవుల్లో దూది పెట్టినట్టు నిశ్శబ్దం. జెబ్రా గీతల మీద కాలు పెడితే కార్లు వాటంతటవే ఆగిపోయాయి. తవిటమ్మకు అది ఎంత నచ్చిందంటే, పని లేకపోయినా అటూ ఇటూ నాలుగైదుసార్లు దాటింది. నడిరోడ్డు మీద రంగుల మండపంలో తెల్ల గ్లౌజుల పోలీసు చేతులు తిప్పుతూ బళ్లను నడిపించడం చూసి, పెళ్లిలో సన్నాయికి తాళం వేస్తున్నట్టుందని మెచ్చుకుంది. ఇక్కడ దిల్‌మాయ నేపాలీకి డ్రైవరు దగ్గర నుంచి హోటలు అమ్మాయి దాకా ఇట్టే జవాబిచ్చారు. ఎవరూ ఆమె ఊరు అడగలేదు. ఆమె నడకే మారిపోయింది.

అక్కడ మిరపకాయల్ని కూరలో వేయరు, మిరపకాయలే కూర. మిరపకాయల్ని, చీజ్‌ని కలిపి వండి పళ్లెంలో పెట్టారు. “ఆంధ్రా మనిషికి కారం సూపిత్తన్నారేటి!” అని తవిటమ్మ పెద్ద ముద్ద పెట్టుకుంది. కాసేపు అందరివైపూ చిరునవ్వుతో చూసింది. తర్వాత ఆమె కళ్ల నుంచి ధారలు కారాయి. చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే సూర్యం ఫోన్ చేసి, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగాడు. తవిటమ్మ నోరు తెరిచి గాలి పీల్చుకుంటుంటే, పెళ్లాం తన మీద బెంగతో ఏడుస్తోందనుకుని ఆయన కూడా గొంతు బొంగురు చేసుకున్నాడు.

ఆఖరి రోజు తెల్లటి పెద్ద స్తూపం దగ్గరికి వెళ్లారు. ఊళ్లో ముసలివాళ్లంతా చద్దిమూటలతో వచ్చి, చేత్తో ప్రార్థన చక్రాలు తిప్పుతూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రదక్షిణలు చేస్తూ ఉంటారు. అలసిన తవిటమ్మ, దిల్‌మాయ ఒక ముసలామె పక్కన చతికిలబడ్డారు. ఆమె సంచిలోంచి పేలాలు తీసి చెరో గుప్పెడు పెట్టింది. ఏదో వాళ్ల భాషలో చెప్పింది. తవిటమ్మ తెలుగులో తన మోకాళ్ల సంగతి చెప్పింది. దిల్‌మాయ నేపాలీలో కోడళ్ల సంగతి ఎత్తుకుంది. ఒకరి మాట ఒకరికి అందలేదు. అయినా ఎక్కడ తల ఊపాలో, ఎక్కడ అయ్యో అనాలో ముగ్గురికీ తెలుసు. బలరామ్ వచ్చి బస్సు సిద్ధమనేదాకా ఆ కబుర్లు తెగలేదు. లేచేటప్పుడు ముసలామె తవిటమ్మ బుగ్గ గిల్లి మరీ నవ్వింది.

“ఏటందే?” అని దారిలో అడిగింది తవిటమ్మ.

“నాకేటి తెల్సు? మంచి మాటే అయుంటాది.”

తిరిగొచ్చాక ఇద్దరికీ కాళ్లు ఇంట్లో నిలవడం లేదు. చలి తగ్గని ఒక ఆదివారం, ఇన్నేళ్లుగా డాబా మీంచి చూడ్డమే తప్ప ఎప్పుడూ వెళ్లని దల్మా కొండకు జీపులో బయల్దేరారు. నన్నూ, తవిటమ్మ కోడలు సుధారాణినీ కూడా ఎక్కించుకున్నారు. పైన గుహలో శివుడికి దండం పెట్టుకుని అంచుకు వచ్చేసరికి ఊరంతా కింద పరుచుకుని ఉంది. నది, కార్ఖానా పొగ గొట్టాలు, చీమల్లా ఇళ్లు.

“అదిగో, ఆ నీలం ట్యాంకు పక్కది మనిల్లు!” అంది తవిటమ్మ.

“కాదు దీదీ, అది సాక్చీ. మనది ఇటు, రైలు పట్టాల కాడ.”

“సాక్చీ అటుంటే నది ఇటెలా ఉంటాదే?”

జీపు కొండ దిగి బర్మామైన్స్ సందులోకి తిరిగేదాకా వాళ్లు ఆ మాట మీదే ఉన్నారు.