ఆరు చీరల మధ్య పప్పుగిన్నె

ఆ రోజుల్లో నేను చాలా తెలివైనవాణ్ణి. ఇప్పుడు అంత లేదు. సూరత్‌లో, పాండేసరా పక్కన వడోద్‌లో, పన్నెండు గదులు వరసగా ఉన్న మా రేకుల లైన్లో లైబ్రరీ కార్డు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత బాపుతో పాటు మగ్గాల కార్ఖానాకు వెళ్తూ, సెలవు దొరికినప్పుడల్లా లైబ్రరీకి పోయేవాణ్ణి. గుజరాతీ, హిందీ, తెలుగు, ఏ అరలో చెయ్యి పడితే ఆ పుస్తకం. అందువల్ల పంతొమ్మిదేళ్ళకే నాకు తేనెటీగల పెంపకం తెలుసు, ధ్రువాల దగ్గర మంచు ఎలా పగులుతుందో తెలుసు, మూత్రపిండాలు రోజంతా ఏం చేస్తాయో తెలుసు. మా ఇంట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో మాత్రం తెలియదు. (అమ్మ ఈ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేను దాన్ని పొగడ్త అనుకునేవాణ్ణి.)

లాక్‌డౌన్‌కు ముందు, లైబ్రరీ మూసేస్తారని వినపడగానే పరుగెత్తి నాలుగు పుస్తకాలు తెచ్చుకున్నాను. వాటిలో ఒకటి ఇల్లు పొదుపుగా నడపడం గురించి. పాత గుజరాతీ పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, కాబట్టి పేరూ తెలియదు, రాసినవాళ్ళూ తెలియదు. కార్ఖానా మూతపడి పగార్ ఆగిపోయిన వారానికి ఆ పుస్తకం పట్టుకొని ఇంటి పెత్తనం నాదని ప్రకటించాను. అప్పటికే ఇంట్లో ఖర్చు రూపం మారిపోయింది. బస్సు కిరాయి లేదు, ఆదివారం కోడికూర లేదు, బాపు తంబాకు పొట్లం దొరకడమే లేదు. సబ్బు ఖర్చు మాత్రం రెట్టింపైంది, చెల్లె ఫోన్ రీచార్జి మూడింతలైంది. నేను చాయ్ మూడుసార్ల నుంచి ఒకసారికి తగ్గించాను. షాంపూ పొట్లం ఒక్కటి ఇద్దరికి అన్నాను. తాలింపులో నూనె చెంచాతో కొలవాలన్నాను. అమ్మ గరిటె పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది. "ఇరవై ఏండ్ల సంది గీ ఇల్లు ఎవలు నడిపిన్రురా? నీ పుస్తకమా?" అంది. "నడిపినవమ్మా, కానీ శాస్త్రం లేకుండ నడిపినవ్" అన్నాను. బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తంబాకు లేని మనిషితో అప్పుడెవరూ వాదించేవాళ్ళు కాదు, ఆయనా ఎవరితో వాదించేవాడు కాదు.

అందరికీ నిజమైన భయం గ్యాస్ గురించి. మా లైన్లో ఎవరికీ పెద్ద సిలిండర్ లేదు. చిన్నదే, కిలోల లెక్కన నింపించుకునేది. నింపే దుకాణం మూసేశారు. దొంగచాటుగా నింపేవాడు రెండింతలు అడిగాడు. అప్పుడు నా పుస్తకంలో ఒక పేజీ మెరిసింది. గిన్నెను పది నిమిషాలు మరగనిచ్చి, దించి, గడ్డి గాని మెత్తటి బట్టలు గాని దట్టించిన పెట్టెలో కప్పిపెడితే, ఉన్న వేడి బయటికి పోక, పప్పూ అన్నం తమంతట తామే ఉడుకుతాయట. పొయ్యి అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ఒక అట్టపెట్టె తెచ్చి ఇంట్లో ఉన్న పాత బట్టలన్నీ కుక్కి మొదటి రోజు అన్నం పెట్టాను. మూడు గంటల తర్వాత ముగ్గురి ముందూ గర్వంగా మూత తీశాను. బాపు ఒక ముద్ద నోట్లో వేసుకొని చాలాసేపు నమిలాడు. "మంచిగుందిరా" అన్నాడు చివరికి. "గింజ గింజ లెక్కవెట్టుకుంట తినొచ్చు." చెల్లె నవ్వి నవ్వి మంచినీళ్ళు మింగలేక దగ్గింది. అమ్మ ఆ అన్నాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఆ రోజు మామూలుకన్నా ఎక్కువ గ్యాస్ ఖర్చయింది.

తప్పు శాస్త్రంలో లేదు, బట్టలు చాలలేదు, అంతే. ఈ ఆలోచనతో పడుకొని పైకి చూస్తే అటక మీద మూట కనిపించింది.

ఆ మూట సంగతి చెప్పాలి. మా అమ్మా, పక్క గది అత్తా (చుట్టం కాదు, వాళ్ళూ మాలాగే తెలుగు నేల నుంచి సూరత్‌కు వచ్చిన నేత కుటుంబం) ఇంట్లో కూర్చొని చీరలకు మెరుపు రాళ్ళు అతికించే పని చేసేవాళ్ళు. చీర మీది గీతల వెంట గమ్ము చుక్క పెట్టి, పుల్ల కొసతో రాయి ఎత్తి దాని మీద కూర్చోబెట్టాలి. నవాగామ్ నుంచి స్కూటీ మీద వచ్చే ఒక గుజరాతీ ఆవిడ (మా లైన్లో ఆమె పేరు స్కూటీబెన్, అంటే స్కూటీ అక్క) చీరలు ఇచ్చి, పూర్తయ్యాక తీసుకుపోయేది. మా ఇంట్లో అది చేతిఖర్చు. అత్త ఇంట్లో అదే బువ్వ. మామ ఊపిరి సరిగా ఆడక మగ్గం మానేసి రెండేళ్ళు. స్కూటీబెన్ పని ఆపేస్తే వాళ్ళింట్లో ఇంకో సంపాదన లేదు. లాక్‌డౌన్ వచ్చేసరికి పూర్తయిన చీరలు కొన్ని తీసుకుపోయేవాళ్ళు లేక మిగిలిపోయాయి. అత్త గది రేకు కారుతుంది కాబట్టి ఆమెవి కూడా మా అటక మీదే పెట్టారు. అమ్మవి ఎర్ర దారంతో, అత్తవి నీలం దారంతో కట్టి ఉన్నాయి. నేను నీలం దారం విప్పి ఆరు చీరలు తీశాను. పైన ఉన్నవి అవే, వేరే కారణం లేదు. (ఉందేమో. ఎర్ర దారం విప్పితే అమ్మ చంపుతుందన్న మాట మనసులో ఎక్కడో ఉండే ఉంటుంది. ఈ ముక్క రాయడానికే నాకు ఇంతకాలం పట్టింది.)

అడుగున చీరలు, చుట్టూ చీరలు, పైన ఎవరికీ అనుమానం రాకుండా పాత బట్టలు. మర్నాడు మూత తీస్తే పప్పు ఉడికి ఉంది! అన్నం పువ్వులా విచ్చుకుంది! అమ్మ గిన్నెలోకి చూసి, నన్ను చూసి, మళ్ళీ గిన్నెలోకి చూసింది. ఆ చూపు నేను జన్మలో మరచిపోను. చెల్లె నన్ను సైంటిస్టు అని పిలవసాగింది, అందులో వెటకారం సగమే. పెట్టెను ఎవరూ తాకకూడదని, తాకితే వేడి చెదిరిపోతుందని నేను కట్టడి చేశాను. మూడో రోజు అత్త తన గిన్నె పట్టుకొని వచ్చింది. "అల్లుడా, మా సిలిండర్ల గ్యాస్ లేనే లేదు. నాది గూడ జర నీ పెట్టెల పెట్టరాదు? పుణ్యముంటది" అంది. పెట్టాను. ఆమె పప్పు ఆమె చీరల మధ్యే ఉడికింది. సాయంత్రం గిన్నె తీసుకుపోతూ నా తల మీద చెయ్యి పెట్టి, "సదువుకున్న పోరడు లైన్ల ఒక్కడున్నా సాలు వదినె" అంది అమ్మతో. నేను వినయంగా నేల చూశాను. ఒక్క క్షణం, ఒక్క క్షణమైనా ఆ చీరలు గుర్తుకు రాలేదా అంటే, వచ్చాయి. వేడికి బట్ట ఏం కాదని నాకు నేనే శాస్త్రం చెప్పుకున్నాను. బట్ట మీద గమ్ము ఉందన్న సంగతి ఆ పుస్తకంలో లేదు.

ఐదో రోజు బాపు పంటి కింద టక్కున చప్పుడైంది. "థూ! రేషన్ పప్పుల రాళ్ళు" అని తీసి పళ్ళెం అంచున పెట్టాడు. అది తళతళ మెరిసింది. దాన్ని వేలితో అదిమి దాచి, అందరూ పడుకున్న మధ్యాహ్నం పెట్టె ఖాళీ చేశాను. ఆవిరికీ వేడికీ గమ్ము కరిగి రాళ్ళన్నీ ఎటు పడితే అటు జారాయి. ఒక మడత మీది రాయి ఇంకో మడతకు అతుక్కుంది. విడదీస్తే చిరిగిన చప్పుడు. ఒక చీర మీద నెమలి ఉండాలి, దాని కన్ను తోక దగ్గరికి వచ్చింది. నేను ఏం చేశానంటే, ఆ ఆరింటినీ జాగ్రత్తగా, అంచుకు అంచు కలిపి మడిచి, నీలం దారంతో కట్టి, అటక మీద యథాస్థానంలో పెట్టాను. ఇంత చక్కగా బట్టలు మడవడం నాకు వచ్చని నాకే తెలియదు. ఆ సాయంత్రం అత్త గిన్నెతో వస్తే, "గాలిల తేమ ఎక్కువైంది అత్తా, ఇగ పెట్టె పన్జెయ్యదు" అన్నాను. ఆమె నమ్మింది. సదువుకున్న పోరణ్ణి కదా.

ఎండాకాలం చివర, లాక్‌డౌన్ సడలించాక స్కూటీబెన్ వచ్చింది. మా గడప ముందే కూర్చొని మూట విప్పింది. ఎర్ర దారం చీరలు చూసి పక్కన పెట్టింది. నీలం దారం విప్పి మొదటి చీర దులపగానే రాళ్ళు జలజల రాలాయి. "ఆ శుం ఛే?" అంది, ఇదేమిటని. రెండోది, మూడోది. అత్త మొహం తెల్లబోయింది. నేను తలుపు వెనక పుస్తకం పట్టుకొని ఉన్నాను. ఇప్పుడు అమ్మ అడుగుతుంది, అత్త తిడుతుంది, నేను చెప్పాల్సి వస్తుంది అనుకుంటుండగా అత్త తనే ముందుకొచ్చి చేతులు జోడించింది. "మాఫ్ కరో బెన్. గమ్ము అయిపోవట్టె. పొదుపు చేస్తనని చుక్క జర సన్నగ పెట్టిన. నాదే తప్పు" అంది. మా లైన్లో పొదుపు చేసింది నేనొక్కణ్ణే కాదన్నమాట. స్కూటీబెన్ కొత్త చీరలు అమ్మకు మాత్రం ఇచ్చి వెళ్ళిపోయింది. అత్త రాలిన రాళ్ళు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది. నాకు అప్పుడు కలిగింది ఏమిటో నిజం చెప్తున్నాను: హమ్మయ్య అన్న భావం.

అది నాలుగు రోజులు నిలిచింది. అమ్మ తనకొచ్చిన చీరల్లో సగం చాటుగా అత్తకు ఇవ్వబోతే ఆమె ముట్టుకోలేదు. "వద్దు వదినె. నా చెయ్యి పొయ్యింది. నీ పేరు గూడ ఖరాబైతది" అంది. ఐదో రోజు వాళ్ళ గది ముందు నుంచి పోతుంటే ఆమె కనిపించింది. పాత చీర ముక్క మీద ఏరిన రాళ్ళు అతికిస్తోంది. ఆరాక గోటితో పెరికి చూస్తోంది. ఊడిరావడం లేదు. చుక్క ఇంకా సన్నగా పెట్టి అతికిస్తోంది, పెరుకుతోంది. అదీ ఊడిరావడం లేదు. వేళ్ళు దగ్గరగా పెట్టుకొని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది. నా మూత్రపిండాల జ్ఞానం, ధ్రువాల జ్ఞానం అన్నీ కలిపినా ఆ గడప దాటిపోవడానికి సరిపోలేదు. లోపలికి వెళ్ళి చెప్పేశాను.

ఆమె చేతిలోని చీర ముక్క కింద పెట్టింది. తర్వాత, "అంటే, నా చెయ్యి మంచిగనే ఉందా?" అంది. "మంచిగనే ఉందత్తా." "నా పప్పు గూడ నా చీరలల్లనే పెట్టినవారా?" అంది. నేను తలూపాను. ఆమె లేచి నా చెవి పట్టుకుంది. "నడువు. చెప్పులేసుకో."

వడోద్ నుంచి నవాగామ్ దాకా నడిపించింది. స్కూటీబెన్ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. వాళ్ళందరి ముందూ పెట్టె గురించి, ఆవిరి గురించి, ఆరు చీరల గురించి గుజరాతీలో చెప్పాను. అందరూ పని ఆపేశారు. స్కూటీబెన్ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "దాళ్ చడీ?" అంది. పప్పు ఉడికిందా అని. నేను చెయ్యకూడని పని చేశాను. "హా బెన్, సరిగ్గా రెండు గంటల నలభై నిమిషాల్లో" అని మొదలుపెట్టాను. అత్త నా జబ్బ మీద గిచ్చిన గిచ్చుడు వారం రోజులు నీలంగా ఉంది.

అత్తకు పని తిరిగి వచ్చింది. చెడిపోయిన చీరల నష్టం కింద నేను కూలి లేకుండా రాళ్ళు అతికించాలని తీర్పైంది. ఇంటికొచ్చాక బాపు ఒకే మాట అడిగాడు. "పక్కోళ్ళ చీరలు తీస్కోమని గూడ పుస్తకంల రాసి ఉందారా?" అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు, ఆ మూడు రోజులూ నా పళ్ళెంలో ఉప్పు వెయ్యలేదు. రెండు నెలలు కార్ఖానా నుంచి వచ్చి అత్త గడపలో కూర్చొని పుల్ల పట్టుకున్నాను. నేను గంటకు అతికించింది ఆమె రెండు నిమిషాల్లో పెరికేసేది. "గిది కన్నా? గా నెమలి ఎటు చూస్తుంది? నీ లెక్కనే చూస్తుంది, ఎటో. మల్ల పెట్టు." మళ్ళీ పెట్టేవాణ్ణి. ఆ రెండు నెలల్లో నాకు తెలిసింది, ఆ చేతిలో ఉన్నది ఏ అరలోనూ దొరకదని.

ఇప్పుడు ఒక చీరల దుకాణంలో పని చేస్తున్నాను. పెళ్ళయింది. ఉప్పు ఏ డబ్బాలో ఉందో తెలుసు. మొన్న ఆదివారం అత్త మా ఇంటికి భోజనానికి వచ్చింది. నా భార్య కుక్కర్లో వండిన పప్పు కలుపుకొని రెండు ముద్దలు తిని, "మంచిగుంది బిడ్డా" అంది. "గని, నిజం చెప్పాల్నంటే, లాక్‌డౌన్ల గీడు ఒకపాలి నాకు పప్పు ఉడకవెట్టిచ్చిండు. అంత మెత్తగ నేను మల్ల తినలె. ఎన్నముద్ద లెక్క ఉండె."

"గీయన వండిండా? ఎట్ల?" అంది నా భార్య. ఆమెకు ఈ కథేదీ తెలియదు.

"అడుగు నీ మొగణ్ణే" అంది అత్త.

అమ్మ, చెల్లె, భార్య, అందరూ నావైపే చూశారు. ఇన్నేళ్ళుగా గొంతులో ఆగిపోయిన శాస్త్రమంతా, పది నిమిషాల మరుగు, లోపలి వేడి, రెండు గంటల నలభై నిమిషాలు, ఒక్కసారిగా నాలుక చివరికి వచ్చి నిలబడింది. అత్త వేళ్ళు పళ్ళెంలో నెమ్మదిగా కదులుతున్నాయి. నేను తల వంచుకొని పప్పు కలుపుకోవడం మొదలుపెట్టాను. సిగ్గుతోనే. నవ్వు కనపడకూడదని కూడా.