పెద్దబాపు రిపోర్టుల ప్రింటు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఏ కష్టాన్నయినా వరుసలుగా, కాలమ్‌లుగా విడగొడితే సగం తగ్గుతుందని. కంప్యూటర్లు చదివి, మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఆఫీసులో ఆపరేటరుగా చేరిన కొత్త. (ఏ రోజు ఏ చొక్కా వేసుకోవాలో దానికీ ఒక షీటు ఉండేది. నవ్వండి, పరవాలేదు.) అందుకే తుంగతుర్తి దగ్గర మా ఊళ్ళో గొర్లు కాసే పెద్దబాపుకు, అంటే మా నాన్న అన్నకు, కిడ్నీలు పాడయ్యాయని తెలిసి ఇంట్లో అందరూ ఏడుస్తుంటే, నేను ఎక్సెల్ తెరిచాను. పైన ‘పెద్దబాపు’ అని కొట్టి, దాని కింద తేదీ, బరువు, బీపీ, షుగరు, మందులు పెట్టి, కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే, అన్నిటికన్నా ముఖ్యమైన క్రియాటినిన్‌ను చివర్లో పెట్టాను. సూర్యాపేటకు నెలకోసారి హైదరాబాదు నుంచి కిడ్నీ డాక్టరు వచ్చేవారు. ఆ చివరి అంకె ఎంత వేగంగా పెరుగుతోందో చూసి, మందులతో నెట్టుకురావచ్చా, డయాలసిస్ మొదలుపెట్టాలా అన్నది ఆయనే తేల్చాలి.

తెర మీద కనిపించిందే కాగితం మీదా వస్తుందనుకుని, మొదటిసారి మిల్లులో ప్రింటు కొట్టి చూడకుండానే మడిచి తీసుకెళ్ళాను. డాక్టరుగారు కాగితం తిరగేసి, “ఇందులో క్రియాటినిన్ ఏది బాబూ?” అన్నారు. వెడల్పు చాలక ఆ ఒక్క కాలమ్ వేరే పేజీకి పోయింది. ఆ పేజీ మిల్లు ప్రింటరులోనే ఉండిపోయింది. బయటికొచ్చాక పెద్దబాపు, “మందనంత తోలుకొచ్చి పొట్టేలును దొడ్లనే ఇడిసిపెట్టినవా బిడ్డా” అన్నాడు.

మరుసటి నెల అంతా ఒకే పేజీలో పట్టేలా కుదించాను. డాక్టరుగారు కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచారు. “సీమల బారు లెక్కున్నది గదా సారూ. మా పిలగాని కండ్లు మంచిగున్నయ్, మనయే ముసలియైనయ్” అన్నాడు పెద్దబాపు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఇంకో నెల పోయిందన్న దిగులు.

మూడోసారి కాగితాన్ని అడ్డంగా తిప్పి, మార్జిన్లు తగ్గించి, కాలమ్‌లన్నిటినీ పేజీ వెడల్పులో సరిపెట్టాను. పొడవును దాని మానాన వదిలేస్తే రెండు పేజీలయ్యాయి. ఈసారి ముందుగా ఇంటికి తెచ్చి చూపించాను. చదువు రాని పెద్దబాపు రెండింటినీ పక్కపక్కన పరుచుకున్నాడు.

“గీ దాని నెత్తిమీద అక్షరాలున్నయ్, గా దానికి లెవ్వేంది?”

“మొదటి పేజీకే వస్తయ్ పెద్దబాపూ.”

“ముందు నడిసే గొర్రెకే రంగేస్తే, ఎన్కొచ్చేది ఎవలదంటర్రా?”

తిరిగి మిల్లుకు పోయి, ఆయన పేరూ కాలమ్‌ల పేర్లూ ఉన్న పై వరుసలు ప్రతి పేజీ మీదా వచ్చేలా పెట్టాను.

ఆ ప్రింటుకు వంక పెట్టడానికి లేదు. డాక్టరుగారు ఒక్క చూపులో చదివేశారు. అంత తొందరగా చదువుతారని నేననుకోలేదు. “బాగా చేశావు బాబూ” అని, కాగితం బల్ల మీద బోర్లించి, మెల్లగా డయాలసిస్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. తిరుగు బస్సులో పెద్దబాపు నా మోకాలు తట్టి, “సక్కగ కనవడ్డది గదా. ఇగ పరేషాన్ గాకు” అన్నాడు.

వానాకాలం వచ్చేసరికి ఆయన లేడు.

ఇప్పుడు ఆఫీసులో ఎవరికి ప్రింటులో ఖాళీ పేజీలు వచ్చినా నన్నే పిలుస్తారు. ఎంతమేర ప్రింటు కావాలో చెప్పే ‘ప్రింట్ ఏరియా’ సరిచేసి చిటికెలో ఆపేస్తాను. మొన్నొకరోజు ఆ పాత ఫైలు తెరిచి ప్రింటు కొట్టాను. అంకెలున్న పేజీలు అయిపోయాయి; ఆ తర్వాత వట్టి గడుల పేజీలు వస్తూనే ఉన్నాయి. ఆ చివరి ప్రింటు చూపించి వచ్చాక, రాబోయే నెలల కోసం అన్నేసి గీతలు ముందే గీసిపెట్టుకున్న ఆ పిలగాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒక్కొక్క పేజీ తీసి చూశాను. ఒక్క అంకె లేకపోయినా, అది ఎవరిదో ప్రతి దాని నెత్తిమీదా రాసే ఉంది.