పడమటి చూరు కింద వంగిన బద్ద

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తరవాతి వేసవిలో నన్ను చోడవరం సెక్షన్ నుంచి తప్పించి, అదే సబ్ డివిజన్‌లో నాణ్యతా తనిఖీకి వేశారు. హోదా మారలేదు, అసిస్టెంట్ ఇంజనీరునే. కాని సెక్షన్ అంటే పని కట్టించే చోటు. తనిఖీ అంటే ఇంకొకరు కట్టించినదాన్ని చూసి సంతకం పెట్టే చోటు. నా సెక్షన్‌ను రమణకు ఇచ్చారు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు లెవెల్ యంత్రంతో ఎత్తుపల్లాలు చూడటం దగ్గరనుంచి అతనికి పని నేర్పింది నేనే.

మా సబ్ డివిజన్ అధికారిని డీఈ గారనేవాళ్లం. ఆయన ప్రతి సమావేశంలో రమణ పేరు ఎత్తేవారు. "సెక్షన్ ఇప్పుడు కదుల్తోంది" అని ఒకసారి నా ఎదుటే అన్నారు. అంటే నేనున్నప్పుడు కదల్లేదన్నమాట. ఆ మాట అన్నం తింటున్నా గుర్తొచ్చేది. ఆఫీసు ముందు రమణ బండి కనిపిస్తే లోపలికి వెళ్లబుద్ధయ్యేది కాదు.

ఆ రోజుల్లోనే ఈదురుగాలికి ఊరి శివారు సర్కారు నర్సరీలో షెడ్డు పైకప్పు లేచిపోయింది. పనిముట్లు దాచుకునేదీ, ఆడవాళ్లు కూర్చుని మామిడి అంట్లు కట్టేదీ అందులోనే. పగిలిన సిమెంటు రేకులు తీసేసి, రమణ చకచకా రంగు రేకులు వేయించాడు. నా సంతకం అయితే షెడ్డు నర్సరీవాళ్లకు అప్పగించవచ్చు.

నేను వెళ్లేసరికి అంట్లు కట్టే ఆడవాళ్లు బయట టార్పాలిన్ కింద కూర్చుని ఉన్నారు. వాళ్లలో పెద్దది పైడితల్లి లేచి వచ్చింది.

"మేడమ్, తొరగా సూసీండి. ఎండకి అంట్లు వాడిపోతన్నాయి. రేపు లోపలికెలిపోతాం" అంది.

పైకప్పును ముందు పైనుంచి చూసి, తరవాత కిందనుంచి చూడాలి. పైన రేకులు ఒకదానిమీద ఒకటి ఎక్కాల్సినంత ఎక్కాయి. స్క్రూలు గీత గీసినట్టున్నాయి. ప్రతిదాని కిందా రబ్బరు వాషరు ఉంది. తప్పు దొరకనికొద్దీ నాకు ఉక్రోషం పెరిగింది. ఇంత శుభ్రంగా చేయడం అతను నా దగ్గరే నేర్చుకున్నాడు, పేరు మాత్రం అతనికి.

పడమటి వైపు కుండీలు పెట్టుకునే చెక్క అటక ఒకటి ఉంది. అక్కడ రేకుల అడుగుభాగం కిందనుంచి కనిపించదు. నిచ్చెన వేయించుకుని అటక ఎక్కాను. రేకులను మోసే ఇనుప బద్దను మేం పర్లిన్ అంటాం. చూరు దగ్గరి పర్లిన్ మొన్నటి ఈదురుగాలికే మధ్యలో పక్కకు వంగిపోయి ఉంది. దాన్ని మార్చకుండానే పైన రేకులు పరిచేశారు. స్క్రూలు తిన్నగా దిగాయి, బద్ద తిన్నగా లేదు. వంపు ఉన్న మేర స్క్రూల కొసలు బద్దలో దిగకుండా పక్కన గాలిలో తేలుతున్నాయి. గాలి వచ్చేది ఆ వైపునుంచే. రేకు లేస్తే, కింద కూర్చున్నవాళ్ల మెడల మీదికి దాని అంచు వస్తుంది.

డీఈ గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "రమణ పని కాకపోతే అటకెక్కేవారా అమ్మా?" అన్నారు.

"తెలీదు సార్. ఎక్కేను, సూసేను" అన్నాను.

రిపోర్టు రాయకముందే రమణను పిలిపించాను. అతను వచ్చి, నిచ్చెన దగ్గరే నిలబడ్డాడు.

"సెక్షన్ నాకిచ్చేరని మీకు మనసులో ఉన్నాది మేడమ్. అందరికీ తెలుసు."

"ఉన్నాది. దాన్నలా ఉంచు. నువ్వే ఎక్కి సేత్తో తడిమి సూడు రమణా. స్క్రూలు బద్దలో దిగి ఉంటే ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

ఎక్కాడు. చాలాసేపు కిందికి దిగలేదు. దిగాక చేతికంటిన తుప్పు ప్యాంటుకు తుడుచుకుంటూ, "బద్ద మార్పిస్తాను" అన్నాడు.

ఆ వైపు రేకులు విప్పి, కొత్త బద్ద వేసి బిగించేవరకూ ఆడవాళ్లు ఎండలోనే ఉన్నారు. కొన్ని అంట్లు పోయాయి. పైడితల్లి నాతో మాట్లాడటం మానేసింది.

వానలకు ముందు అంతకన్నా పెద్ద గాలి వచ్చింది. చుట్టుపక్కల చెరకు నేలకు ఒరిగిపోయింది. ఆ సమయంలో ఆడవాళ్లు షెడ్డులోనే ఉన్నారు. పైకప్పు కదల్లేదు. తరవాతి సమావేశంలో డీఈ గారు రమణను మెచ్చుకున్నారు. రమణ తల వంచుకుని కూర్చున్నాడు, బద్ద సంగతి ఎత్తలేదు. నాకు మళ్లీ మునుపటిలాగే కడుపు మండింది.

మనసులో అసూయ లేనివాళ్లే తనిఖీ చేయాలంటే మా శాఖలో ఏ పనీ తనిఖీ కాదు. అది పోయేదాకా ఆగలేం. అది ఉందని కళ్లు మూసుకోనూ లేం. కనిపెట్టిన తప్పు మన మాటమీద నిలబడకూడదు. అవతలివాడు తన చేత్తో తడిమి చూసుకునేలా ఉండాలి. రిటైరయ్యేవరకూ నేను ఎవరి పని తప్పుపట్టినా, రాసేముందు వాళ్లను నిచ్చెన ఎక్కించాను.