పూతకి తగిలిన ఫోన్

మా తోడికోడలంటే నాకు ఇష్టం లేదు. ఆవిడకీ నేనంటే పడదు. ఈ సంగతి ముసునూరు దాకా తెలుసు కాబట్టి ఇక్కడ దాచాల్సిన పని లేదు. ఒకే ప్రహరీలో రెండు వాటాలు మావి. పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరం చూసుకోవాలి. మా ఇద్దరికీ చెడింది ఆస్తి దగ్గరా కాదు, పిల్లల దగ్గరా కాదు. నేను తీసే ఫోటోల దగ్గర.

పాప పుట్టాక నాకు ఈ అలవాటైంది. నెలంతా ఫోన్లో ఏదో ఒకటి తీస్తాను. నెలాఖరుకి కొన్ని ఏరి, నూజివీడు వెళ్ళినప్పుడు స్టూడియోలో ప్రింట్ వేయించి ఆల్బమ్‌లో అంటిస్తాను. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ అందరూ తీస్తారు. నేను తీసేవి బోర్లించిన గిన్నెలు, దండెం మీద మా ఆయన లుంగీ, ఆవకాయ కలిపి మండుతున్న నా చేతులు, కర్రకి కట్టిన వల చిక్కంతో మా తోటలో మామిడి రసాలు దింపే కూలీలు. పొద్దస్తమానం ఒకలాగే గడిచే ఇంట్లో, ఏ నెలకానెల వేరుగా కనబడితే నాకు ఊపిరాడినట్టుండేది.

ఆవిడకి అదే గిట్టలేదు. ఎవరైనా వస్తే, మా చెల్లికి ఇంటిపని కంటే ఫోను పనెక్కువని నాకు వినపడేలా చెప్పేది. నేను వాళ్ళ వాటా వైపు ఫోన్ తిప్పకపోయినా, నన్ను చూడగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది.

ఒక ఏడాది జనవరిలో చిన్నరసాల చెట్లు ఆకు కనపడకుండా పూశాయి. కొమ్మల కింద నిలబడి ఎన్నో తీశాను. కొద్దిరోజులకే మంచు పట్టింది, పురుగు పడింది, మందులు కొట్టినా పూత నల్లగా మాడి రాలిపోయింది.

బావగారు నన్ను వరండాలోకి పిలిపించారు. అత్తగారు కుర్చీలో ఉన్నారు. మా ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మా తోడికోడలు గుమ్మంలోంచే అంది.

"నిండు పూత మీద ఆ ఫోన్ పెట్టింది. దిష్టి తగలక ఏమవుద్ది?"

బాపులపాడు దగ్గర మా నాన్న తోట కూడా మాడిపోయిందనీ, అక్కడ నేనేమీ ఫోటోలు తీయలేదనీ చెప్పాను. ఇక మీదట తోటలోకి ఫోన్ తేవద్దమ్మా అన్నారు బావగారు. నేను మా ఆయన వైపు చూశాను.

"పోనీలే, కొన్నాళ్ళు ఊరుకో," అన్నాడు.

ఆవిడ మాట ఒళ్ళు మండించింది. ఈయన మాట మాత్రం ఇప్పటికీ లోపల గుచ్చుకుంటూనే ఉంది.

మరుసటేడు తోటలో అడుగు పెట్టలేదు. పూత నిలబడింది, పిందె గుత్తులు గుత్తులుగా దిగింది. నోముకెళ్ళినా పెళ్ళికెళ్ళినా ఆవిడది ఒకటే పాట, ఈసారి ఫోన్ పడలేదుగా, అందుకే ఇంత కాపని. ఆ ఏడు మా నాన్న తోటా బాగానే కాసింది. దాని సంగతి ఎవరూ అడగలేదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో, తోటలో మందు కొడుతుండగా, పట్టపగలు అందరూ చూస్తుండగా వెళ్ళాను. బావగారు మోటారు దగ్గరున్నారు. ఆవిడ కూలీలకి టీ పోస్తోంది. నేను కొమ్మ కొమ్మకీ ఆగి ఫోటో తీశాను. ఆవిడ కెటిల్ కింద పెట్టి నా మీదకి వచ్చింది, బుద్ధుందా నీకు అంటూ. నేను ఫోన్ దించకుండానే అన్నాను.

"అక్కా, పూత మాడితే నా దిష్టన్నావు. ఈసారి విరగకాస్తే నా చేతి చలవంటావా?"

కూలీల్లో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా తోడికోడలు మొహం కందగడ్డయింది. టీ చల్లారిపోతోంది పద అన్నారు బావగారు ఆవిడతో. నన్ను మాత్రం ఏమీ అనలేదు.

సాయంత్రం మా ఆయన, నలుగురిలో అంత మాట ఎందుకన్నావని అడిగాడు. ఆ రోజు వరండాలో నువ్వు ఒక్క మాట అనుంటే నాకీ మాట అనే అవసరం వచ్చేది కాదన్నాను. కంచంలోకి చూస్తూ అన్నం తిని లేచాడు.

కాపు బాగా వచ్చింది. నా వల్లని ఎవరూ అనలేదు, అంటారని నేనూ అనుకోలేదు. ఫోన్ తేవద్దని కూడా ఇప్పుడెవరూ అనరు. నేనూ మా తోడికోడలూ మాట్లాడుకోవడం పూర్తిగా మానేశాం. ట్రేలలోకి కాయ సర్దేటప్పుడు ఆవిడ నాకు వీపు పెట్టి కూర్చుంటుంది. మీరిద్దరూ కలిస్తే చూసి పోవాలనుందని అత్తగారు అప్పుడప్పుడూ అంటుంటారు. నేను వినిపించుకోను. నాకిలాగే బాగుంది.