వీసీ సార్ చిట్టి తీసిండు

కరీంనగర్‌ల ఓ సర్కారు డిగ్రీ కాలేజీ. దాంట్ల ఫిజిక్స్ ల్యాబ్‌ను లెక్చరర్లు నడిపిస్తరని మీరనుకుంటే మీ ఇష్టం గని, ముప్పైనాలుగేండ్ల సంది నడిపిస్తున్నది మాత్రం అటెండర్ అనసూర్య. చదివింది తొమ్మిదో తరగతి. పుట్టింది సిరిసిల్లల, మరమగ్గాల మోతల నడుమ. మొగడు అంబదాస్ గీ కాలేజీలనే అటెండర్. పచ్చకామెర్లు ముదిరి ఆయన పోతే ఆ నౌకరి ఈమెకిచ్చిండ్రు. కెమిస్ట్రీల యాసిడ్లుంటయి, జువాలజీల కప్పలుంటయి, ఆడమనిషి జడుసుకుంటదని అప్పటి ప్రిన్సిపాల్ ఫిజిక్స్‌కు తోలిండు. అక్కడేముంటయి? తీగలు, దారాలు, బరువులు. తెగిన పోగును కండ్లు మూసుకోని అతికే మనిషికి అవొక లెక్కనా?

ప్రాక్టికల్ పరీక్షలప్పుడు చిట్టీలు కూడ ఆమెనే రాస్తది. మడిచి స్టీలు ప్లేట్ల పెడుతది. పిల్లలు తలా ఒకటి తీసుకోవాలె, ఏ ప్రయోగం వస్తే అది చెయ్యాలె. బిక్కమొఖం పిల్లలొస్తే ప్లేటు జర ఒంచి, అల్కగ అయ్యే చిట్టిని ముందటికి జరుపుతది. బయటికెల్లి వచ్చే పరీక్షకులకు ఈ సంగతి తెల్వది. తెలిసినోళ్లు కూడ టిఫిన్ మంచిగుంటే ఊకున్నరు.

ఇగ ఈ ఏడు మార్చిల ప్రిన్సిపాల్ రాజ్‌కుమార్ సార్‌కు పూనకమొచ్చింది. ఈ కాలేజీల చదివిన ప్రేమ్‌సాగర్ పెద్ద భౌతిక శాస్త్రవేత్త అయ్యి, ఎక్కడనో యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యిండు. ఉన్నత విద్యకు చేసిన సేవకని అవార్డు కూడ వచ్చింది. అసొంటాయనకు సన్మానం చెయ్యకుంటె కాలేజీ ఇజ్జత్ ఏం గావాలె? శాలువ, దండ, నిర్మల్ బొమ్మ అందరు ఇచ్చేటియే. రాజ్‌కుమార్ సార్ ఇంకో మెట్టెక్కి, ఆయన పేరు మీద ఏసీ సెమినార్ హాల్ అన్నడు. పూర్వ విద్యార్థులు చందాలేసిండ్రు. హాల్‌కు జాగా యాడున్నది? ఫిజిక్స్ ల్యాబే. ఫిజిక్స్ సార్‌ను గౌరవించుడంటే ఫిజిక్స్‌ను బయట పారేసుడన్నట్టు. గిసొంటి తెలివి దేవుడు అందరికియ్యడు.

మరి ప్రయోగాలేమైతయని అనసూర్య అడిగితే, కంప్యూటర్ల చూపెడుతమన్నడు. సామానంత తుక్కు కింద వేలమన్నడు. వచ్చే ఏడు రిటైరయ్యే దానివి, నీకెందుకమ్మ ఫికర్ అని కూడ అన్నడు. ఆ మాట ఆమెకు గుండెల గుచ్చుకున్నది. ఆ రూం పోతే తాను ముప్పైనాలుగేండ్లు ఏం చేసినట్టు? పోయి వరండాల కూసోని తనివిదీర ఏడ్చింది. ఏడ్చి, మొఖం కడుక్కోని, ఆలోచన షురూ చేసింది.

ప్రేమ్‌సాగర్ సంగతి ఆమెకు బాగ ఎరుక. గోదావరిఖని బొగ్గుబాయిల పనిజేసే కొమురెల్లి కొడుకు. ఆఖరి ఏడాది పరీక్షల ఆ పిలగానికి సోనోమీటర్ వచ్చింది. పొడుగు చెక్కపెట్టె మీద తీగ బిగించి ఉంటది. తీగ మీద చిన్న కాయితం ముక్క మడిచి పెట్టి, ట్యూనింగ్ ఫోర్క్ కొట్టి పెట్టెకు ఆనించాలె. తీగ పొడుగు బరాబర్ కుదిరితే కాయితం దానంతటదే ఎగిరి పడుతది. పిలగాడు తీగ కింది చెక్కలను ఎంత జరిపినా, గంటైనా కాయితం పడలే. అటిటు చూసి, నోటితోని ఉఫ్ఫని ఊదిండు. పరీక్షకుడు చూడలే గని అనసూర్య చూసింది. చూసి, కిటికీ తుడుసుకుంట నిలవడ్డది.

సన్మానం రోజుకు ల్యాబ్ సామానంత వరండాల కుప్పవడ్డది. లోపల ఒక్క టేబుల్ మీద తెల్లబట్ట కప్పి ఉంటే, టీలు పెట్టేతందుకేమో అని రాజ్‌కుమార్ సార్ అనుకున్నడు. బయట షామియానా కింద ఉపన్యాసాలు. ఒకాయన న్యూటన్ తర్వాత ఈయననే అన్నడు. ఇంకొకాయన ప్రేమ్‌సాగర్ ఈ ల్యాబ్‌ల ప్రయోగాలకే ప్రాణం పెట్టిండని చెప్పిండు. అనసూర్యకు నవ్వాగక కొంగు నోట్ల కుక్కుకున్నది. మార్చి ఎండల తొమ్మిది శాలువలు కప్పేసరికి పెద్దమనిషి చెమటకు నానిపోయిండు.

ఇగ రిబ్బన్ కత్తిరించుడు. కత్తెర ప్లేటు పట్టుకునేది అనసూర్యనే. తెచ్చి వీసీ ముందట పెట్టింది. ప్లేట్ల కత్తెర లేదు, మడిచిన చిట్టీలున్నయి. రాజ్‌కుమార్ సార్ మొఖం నల్లబడ్డది.

"గీ రూంల పరీక్షకొచ్చినోళ్లు చిట్టి తియ్యకుంట పోలే సార్" అన్నది అనసూర్య.

ప్రేమ్‌సాగర్‌కు పాతరోజులు యాదికొచ్చినట్టున్నయి, నవ్వి ఒకటి తీసిండు. సోనోమీటర్. ఇంకోటి తీసినా అదే వస్తుండె, పదింటి మీద అదే రాసింది. ఆయన రిబ్బన్ కిందికెల్లి ఒంగి లోపలికి పోయిండు. ఆమె తెల్లబట్ట గుంజింది.

శాలువలు ఒక్కొక్కటి తీసి కుర్చీ మీదేసి, పెద్దసారు తీగ ముందట కూసున్నడు. ఇరవై ఏండ్ల సంది సంతకాలు తప్ప ఇంకో పనెరుగని చేతులు. ఫోర్క్ కొట్టిండు, ఆనించిండు. కాయితం కదలలే. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. బయట బిర్యానీ చల్లారుతున్నది, పెద్దలు దగ్గుతున్నరు. ఆయన అటిటు చూసి, మెల్లగ పెదవులు ముడిచిండు.

"ఈసారి ఊదుడు లేదు సార్" అన్నది అనసూర్య, ఆయనకొక్కనికే ఇనపడేటట్టు.

ఆయన చెవుల దాక ఎర్రబడ్డడు. ఇన్నేండ్లు ఎవలకు తెల్వదనుకున్న దొంగతనం మరి. తలొంచుకోని తీగ కింది చెక్కను వెంట్రుకంత జరిపిండు. మళ్ల కొట్టిండు. కాయితం వణికింది, ఎగిరింది, కిందవడ్డది. వైస్ చాన్సలర్ సారు చిన్నపిలగాని లెక్క చప్పట్లు కొట్టిండు. కండ్లల్ల నీళ్లొచ్చినయి, తుడుసుకోను కూడ లేదు.

"కంప్యూటర్ల గీ కాయితం పడుతదా రాజ్‌కుమార్ గారూ?"

"పడుతది సార్. ఏ ఇబ్బంది లేకుంట ప్రతిసారి పడుతది" అని రాజ్‌కుమార్ సార్ సంబురంగ చెప్పిండు.

"అందుకే వద్దు" అన్నడు ప్రేమ్‌సాగర్.

ల్యాబ్ బతికింది. అనసూర్య అప్పుడే వరండాలకెల్లి బరువుల పెట్టె లోపలికి తెచ్చింది. మరి చందాలేం గావాలె, పేరు చెక్కించిన పాలరాయి ఏం గావాలె అని రాజ్‌కుమార్ సార్ పరేషాన్. ప్రేమ్‌సాగర్ అనసూర్య దిక్కు తిరిగి, కాలేజీకి ఏం తక్కువున్నదో నువ్వు చెప్పక్కా అన్నడు. అందరి ముందటనే ఆమె ఎనుకముందాడకుంట చెప్పింది.

"ఆడోళ్లకు బాత్రూం లేదు సార్. వచ్చిన కాడికెల్లి ఇంటికి పొయ్యేదాక నేను నీళ్లు తాగ. ముప్పైనాలుగేండ్లాయె. ఆడపిల్లలు గూడ తాగుతలేరు."

 ప్రేమ్‌సాగర్ అక్కడ మూడేండ్లు చదివిండు గని, తాను గోడ చాటుకు పోయొచ్చేటోడు, ఆయనకు ఆ సోయెందుకుంటది? చందాలన్ని ఆడోళ్ల బాత్రూంలకే పెట్టుండ్రి అన్నడు.

జూన్‌ల కాలేజీ తెరిచేటాలకు కట్టుడయ్యింది. పాలరాయి అక్కడ పెడితే ఇజ్జత్ పోతదని రాజ్‌కుమార్ సార్ మొత్తుకున్నడు గని, అక్కడనే పెట్టాలెనని వీసీ కాయితం రాసి పంపిండు. ఉన్నత విద్యకు విశేష సేవలందించిన ఆచార్య ప్రేమ్‌సాగర్ గారి పేరిట అని బంగారు అక్షరాలు. ఇప్పుడు అనసూర్య పదకొండు కొట్టంగనే చెంబెడు నీళ్లు గటగట తాగుతది. తాగి, మూతి తుడుసుకోని, ప్రేమ్‌సాగర్ దగ్గరికి పోయొస్తనని పిల్లలకు చెప్పి పోతది.